సెలవుల లెక్క తీసే టూల్‌కి డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు మిల్లుల్లో, ఆసుపత్రుల్లో, కాలేజీల్లో హాజరు పట్టీలు చాలావరకు కంప్యూటర్లోకి వచ్చేశాయి. సెలవులన్నీ ఏదో ఒక హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. నెలాఖరుకి ఎవరు ఎన్ని రోజులు సెలవు పెట్టారో అందులోంచి బయటికి తీయడానికి ఆఫీసులో కోడింగ్ తెలిసిన ఎవరో ఒకరు చిన్న టూల్ రాస్తారు. టూల్ బాగానే పనిచేస్తుంది. రాసినవాళ్లు కొన్నాళ్లకి విశాఖకో హైదరాబాద్‌కో ఉద్యోగం మారి వెళ్లిపోతారు. ఆ తర్వాత దాన్ని నడపాల్సింది జీతాల సెక్షన్‌లో గుమాస్తా. ఆయన చేతిలో దాని గురించి ఒక్క కాగితం కూడా ఉండదు.

ఆ కాగితం ఎలా తయారుచేయాలో ఇక్కడ చెబుతాను. మీ టూల్ పైథాన్‌లో రాసిందైనా, ఎక్సెల్ మాక్రో అయినా ఫరవాలేదు. ఉదాహరణల కోసం దాన్ని ‘చిట్టా’ అని పిలుద్దాం. తేదీలు ఇస్తే హెచ్ఆర్ సర్వర్ నుంచి సెలవుల రికార్డులు తెచ్చి ఒక ఫైల్‌లో పెడుతుంది. అంతే దాని పని.

ఏ కమాండ్ కొట్టాలో రాసేస్తే డాక్యుమెంటేషన్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. సెలవుల టూల్ విషయంలో అది చిన్న భాగం. ఫైల్‌లో ఒక మనిషి పేరు ఎదురుగా 3.5 అని వస్తే, ఆ మూడున్నర ఎలా వచ్చిందో చెప్పగలగాలి. ఆ అంకె చూసే జీతం కోస్తారు. కోత పడిన మనిషి వచ్చి అడిగితే గుమాస్తా తడుముకోకుండా చూపించగలిగే జవాబు మీ పేజీలో ఉండాలి.

ముందుగా, చదివేదెవరో తేల్చుకోండి

ఇలాంటి టూల్‌కి సాధారణంగా ముగ్గురు పాఠకులు ఉంటారు. జీతాల గుమాస్తా నెలకోసారి, 25వ తేదీ దాటాక, హడావుడిలో తెరుస్తారు. టైమ్ ఆఫీసులో ఉండే టైమ్‌కీపర్, కిటికీ దగ్గర ఒక కార్మికుడు నిలబడి “బాబూ, నా ఈఎల్ ఎన్ని మిగిలాయి?” అని అడిగినప్పుడు తెరుస్తారు (ఈఎల్ అంటే పనిచేసిన రోజుల మీద వచ్చే ఆర్జిత సెలవు). మూడో మనిషి మీ తర్వాత వచ్చే ప్రోగ్రామర్. మొదటి ఇద్దరికీ పావుగంటలో పని తెమలాలి. మూడో మనిషికి లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ముగ్గురికీ కలిపి ఒకే పొడుగాటి పేజీ రాస్తే ఎవరికీ పనికిరాదు. గుమాస్తాకి రెండు పేజీలు, ప్రోగ్రామర్‌కి విడిగా ఒక ఫైల్ రాయండి.

భాష సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. బరంపురంలోనూ రాయగడలోనూ ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడేవాళ్లు చాలామంది ఒడియా మీడియంలో చదువుకున్నారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, కొందరికి అసలు రావు. అందుకని మీ గుమాస్తా ఏ లిపి వేగంగా చదువుతారో అడగండి. మొహమాటపడి మీరే ఊహించుకోకండి. స్క్రీన్ మీద కనిపించే మాటలను మాత్రం ఏ భాషలో రాసినా అనువదించకండి. స్క్రీన్ మీద ‘అప్రూవ్డ్’ అని ఉంటే పేజీలో అదే మాట, అదే స్పెల్లింగుతో ఉండాలి. ‘ఆమోదం పొందినవి’ అని రాస్తే ఆయన ఆ మాట కోసం స్క్రీనంతా వెతుకుతారు. రెండు భాషల్లో రెండు కాపీలు చేస్తే మెట్ల నంబర్లు రెండింటిలోనూ ఒకటే ఉంచండి. ఆంధ్రలోని పార్వతీపురం బ్రాంచి నుంచి ఒకరు, రాయగడ నుంచి ఇంకొకరు ఫోన్‌లో మాట్లాడుకుంటూ “6వ మెట్టు దగ్గర ఆగిపోయింది” అంటే ఇద్దరూ ఒకే వాక్యం చూస్తూ ఉండాలి.

మొదటి పేజీలో పై నాలుగు వాక్యాలు

మొదటి వాక్యం టూల్ ఏం చేస్తుందో చెప్పాలి. రెండోది ఏం చేయదో చెప్పాలి. మూడోది నడపడానికి ఎవరికి అనుమతి ఉందో, నాలుగోది తేడా వస్తే ఎవరిని అడగాలో. ఉదాహరణకి ఇలా రాయవచ్చు:

“చిట్టా మీరు అడిగిన తేదీల మధ్య ఉద్యోగులు పెట్టిన సెలవులను హెచ్ఆర్ సర్వర్ నుంచి తెచ్చి ఒక ఫైల్‌లో రాస్తుంది. సెలవు మంజూరు చేయదు, రద్దు చేయదు, సర్వర్‌లో ఒక్క అక్షరం కూడా మార్చదు. జీతాల సెక్షన్, టైమ్ ఆఫీసు మాత్రమే వాడాలి. అంకెల్లో తేడా కనిపిస్తే జీతాల సెక్షన్ సూపరింటెండెంట్‌కి చెప్పండి.”

రెండో వాక్యం చాలా ముఖ్యం. కొత్త టూల్ ముట్టుకోవాలంటే గుమాస్తాలకి భయం. ఏదైనా నొక్కితే రికార్డు చెరిగిపోతుందేమో, ఎవరి సెలవైనా ఎగిరిపోతుందేమో అని టెన్షన్. ఇది చదివే టూలే గానీ రాసే టూల్ కాదని మొదట్లోనే తెలిస్తే ధైర్యంగా నాలుగుసార్లు నడిపి చూస్తారు. అయితే ఆ మాట నిజమో కాదో కోడ్ చూసి నిర్ధారించుకున్నాకే రాయండి. సర్వర్ లాగిన్‌కి కూడా చదివే అనుమతి మాత్రమే తీసుకుంటే ఆ వాక్యానికి బలం వస్తుంది.

నాలుగో వాక్యంలో మనిషి పేరు పెట్టకండి, హోదా రాయండి. మనుషులు బదిలీ అవుతుంటారు.

‘ఒక రోజు’ అంటే ఏమిటో రాయండి

మొత్తం డాక్యుమెంట్‌లో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. రోజుల లెక్క పైకి సులువుగా కనిపిస్తుంది. మన సరిహద్దు జిల్లాల్లో రెండు రాష్ట్రాల్లో బ్రాంచీలున్న సంస్థకి అది అంత సులువు కాదు.

ఒక లెక్క చూడండి. ఒక ఉద్యోగి 2024 ఏప్రిల్ 1, సోమవారం నుంచి ఏప్రిల్ 4, గురువారం వరకు సెలవు పెట్టారు. క్యాలెండర్ ప్రకారం నాలుగు రోజులు. ఏప్రిల్ 1 ఉత్కళ దివస్. 1936లో ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. కంపెనీ సెలవుల పట్టికలో అది ఉంటే, రాయగడ ఉద్యోగి ఖాతాలోంచి తగ్గాల్సింది మూడు రోజులే. అదే కంపెనీ పార్వతీపురం ఆఫీసులో పనిచేసే మనిషికి ఆ రోజు మామూలు పనిదినం, కాబట్టి నాలుగూ తగ్గుతాయి. తేదీలు అవే, సంస్థ అదే, అంకె మాత్రం వేరు. రెండూ సరైనవే. ఈ సంగతి పేజీలో లేకపోతే ఇద్దరు ఉద్యోగులు స్లిప్పులు పోల్చి చూసుకున్న రోజు గుమాస్తా దగ్గర జవాబు ఉండదు.

ఒడిశాలో జూన్ మధ్యలో వచ్చే రజ పండగ, ఆంధ్ర వైపు భోగి, సంక్రాంతి, కనుమ, రెండు వైపులా తెలుగిళ్లలో చేసుకునే ఉగాది, అన్నింటితోనూ ఇదే చిక్కు. రజ సంక్రాంతి సూర్యమానం ప్రకారం వస్తుంది గనుక దాదాపు అవే తేదీల్లో పడుతుంది. ఉగాది చాంద్రమానం, ఏటా కదులుతుంది. అందుకే టూల్ ఏ సెలవుల పట్టిక చూస్తుందో, అది ఏ ఫైల్‌లో ఉందో, ఏ బ్రాంచికి ఏ పట్టికో, కొత్త ఏడాది పట్టిక ఎవరు ఎప్పుడు ఎక్కించాలో నాలుగు లైన్లలో రాయండి. టూల్ సెలవుల పట్టిక చూడకుండా సర్వర్ ఇచ్చిన అంకెనే యథాతథంగా చూపిస్తుంటే అదీ చెప్పండి. అప్పుడు తేడా వస్తే వెతకాల్సింది సర్వర్‌లో అని వెంటనే తెలుస్తుంది.

దీనికి తోడు వీటికి కూడా జవాబులు ఉండాలి. ఆదివారం మధ్యలో పడితే లెక్కలోకి వస్తుందా? కొన్ని సంస్థల్లో శనివారం, సోమవారం సెలవు పెడితే మధ్య ఆదివారాన్ని కూడా సెలవులో కలిపేస్తారు. శాండ్‌విచ్ రూల్ అంటారు. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948, 79వ సెక్షన్ కింద వచ్చిన ఆర్జిత సెలవుకి మాత్రం మధ్యలో గానీ అటూ ఇటూ గానీ పడిన సెలవు దినాలను కలపకూడదని చట్టమే చెప్పింది. కాబట్టి సీఎల్‌కి (క్యాజువల్ లీవుకి) ఒక రూలు, ఈఎల్‌కి ఒక రూలు ఉండవచ్చు. మీ టూల్ ఏ రకానికి ఏం చేస్తుందో విడివిడిగా రాయండి. సగం రోజు సెలవుని 0.5 అని చూపిస్తుందా, పూర్తి రోజు చేసేస్తుందా అన్నదీ చెప్పండి.

షిఫ్టులున్న చోట రాత్రి షిఫ్టు సంగతి మరిచిపోవద్దు. రాత్రి 10కి ఎక్కి ఉదయం 6కి దిగే సీ షిఫ్టు కార్మికుడు సెలవు పెడితే అది ఏ తేదీ సెలవు? ఆ పాత ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్ ప్రకారం అర్ధరాత్రి దాటాక చేసిన గంటలు ముందు రోజు లెక్కలోకే వచ్చేవి. టూల్ కూడా అలాగే షిఫ్టు మొదలైన తేదీ కింద ఒక్క రోజు చూపించాలి. రెండు తేదీల కింద రెండు వరసలు వస్తుంటే పేజీలో రాసి సర్దుకోకండి. ముందు కోడ్ సరిచేయండి.

మిగులు సెలవు కూడా చూపిస్తుంటే

కొన్ని టూల్స్ వాడిన సెలవులతో ఆగవు, ఇంకా ఎన్ని మిగిలాయో కూడా చెబుతాయి. మీది అలాంటిదైతే ఏ నిబంధన మీద లెక్క కడుతుందో పేరుతో సహా రాయాలి.

1948 చట్టం ప్రకారం ఒక క్యాలెండర్ ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వయోజన కార్మికుడికి మరుసటి ఏడాది, ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు వచ్చేది. వాడుకోని వాటిలో 30 రోజుల వరకు తర్వాతి ఏడాదికి మోసుకెళ్లనిచ్చేవారు. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. అది 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. మీ టూల్‌లో పాత ఏళ్ల రికార్డులూ, కొత్తవీ రెండూ ఉంటాయి. ఏ ఏడాది లెక్కకి 240 వాడారు, ఏ ఏడాదికి 180 వాడారు అన్నది సంస్థ హెచ్ఆర్ అధికారి దగ్గర రాతపూర్వకంగా తీసుకుని పేజీలో పెట్టండి. ప్రోగ్రామర్ సొంతంగా తేల్చాల్సిన విషయం కాదది.

పాత చట్టంలోని ఒక మెలికని ఉదాహరణతో చూపించకపోతే ఎవరికీ అర్థం కాదు. ఒక కార్మికుడు ఏడాదిలో 200 రోజులు పనిచేశారు. మరో 45 రోజులు మిల్లులో లే-ఆఫ్, అంటే పని లేదని మిల్లే తాత్కాలికంగా ఆపేసిన రోజులు. లే-ఆఫ్ రోజులు 240 చూసేటప్పుడు పని రోజులుగానే లెక్క, అంటే 245, అర్హత వచ్చింది. కానీ ఆ 45 రోజుల మీద సెలవు పుట్టదు. 200ని 20తో భాగిస్తే 10. ఆయనకి వచ్చేది 10 రోజులు. 245ని భాగించి 12 అనుకుని వచ్చే మనిషికి గుమాస్తా ఈ నాలుగు లైన్లూ చదివి వినిపించగలగాలి. ప్రసూతి సెలవు రోజులకూ చట్టంలో చెప్పిన పరిమితి వరకు ఇదే పద్ధతి.

భిన్నాలొస్తే ఏం చేస్తారో కూడా అంకెలతోనే చూపించండి. 290 రోజుల పనికి 14.5 వస్తుంది. సగం, ఆపైన అయితే పూర్తి రోజు కింద లెక్క, కాబట్టి 15. 289 రోజులకి 14.45, సగం కంటే తక్కువ, కాబట్టి 14. కొన్ని ప్రోగ్రామింగ్ భాషల్లో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగాన్ని దగ్గరలోని సరిసంఖ్యకి మారుస్తుంది. పైథాన్ 3లో 14.5ని అలా రౌండ్ చేస్తే 14 వస్తుంది, 15 రాదు. ఒక కార్మికుడికి ఒక రోజు జీతం పోయినట్టే. ప్రోగ్రామర్ కోసం రాసే ఫైల్‌లో ఈ జాగ్రత్త పైనే ఉండాలి.

తేదీల దగ్గర మూడు జాగ్రత్తలు

05/06/2025 అని కొడితే మనకి జూన్ 5. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటర్‌కి మే 6. అందుకే టూల్ సంవత్సరం-నెల-తేదీ వరసలో, 2025-06-05 అని తీసుకునేలా చేసి, పేజీలో ఉదాహరణ ఇచ్చేటప్పుడు 12 కంటే పెద్ద తేదీ వాడండి. 2025-06-25 అని ఉంటే ఏది నెలో ఏది తేదీనో ఎవరూ తికమకపడరు.

రెండోది, చివరి తేదీ లెక్కలో ఉందా లేదా అన్నది. జులై 1 నుంచి జులై 31 వరకు అని అడిగితే 31వ తేదీ సెలవులు వస్తాయా? ఒక్క వాక్యం చాలు: “మొదటి తేదీ, చివరి తేదీ రెండూ కలుపుకుని.” దానితో పాటే నెల దాటే సెలవు సంగతి. ఒకరు 2025 జులై 29 నుంచి ఆగస్టు 1 వరకు నాలుగు రోజులు సెలవులో ఉన్నారు. జులై రికార్డులు అడిగినప్పుడు టూల్ మూడు రోజులు చూపిస్తుందా, మొత్తం నాలుగూ చూపిస్తుందా? నాలుగూ చూపించే టూల్ అయితే ఆగస్టులోనూ మళ్లీ అవే నాలుగూ వస్తాయి. రెండు నెలల ఫైళ్లు కలిపి కూడితే ఎనిమిది. ఈ ఉదాహరణని ఉన్నదున్నట్టుగా మీ పేజీలో పెట్టండి, మీ టూల్ జవాబుతో సహా.

మూడోది టైమ్ జోన్. చాలా సర్వర్లు సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలమానంలో) దాచుకుంటాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. మనకి జులై 1 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలకి యూటీసీలో జూన్ 30 సాయంత్రం ఆరున్నర. టూల్ ఆ సమయాన్ని మార్చకుండా తేదీని మాత్రం కత్తిరించి తీసుకుంటే జులై 1 సెలవు జూన్ 30 కింద పడుతుంది, అంటే జూన్ జీతంలో కోత. గుమాస్తా పేజీలో “తేదీలన్నీ భారత కాలమానం ప్రకారం” అని ఒక్క లైను చాలు. ఎలా మారుస్తున్నారో ప్రోగ్రామర్ ఫైల్‌లో రాయండి.

ఒకసారి మొత్తం నడిపి చూపించండి

ఇన్‌స్టాల్ చేసే విధానం వెనక్కి నెట్టండి. అది ఒక్కసారి జరిగే పని. నెలనెలా జరిగే పని ముందు పెట్టండి. ఒక మామూలు పనిని మొదటినుంచి చివరిదాకా చేసి చూపించండి, ఇలా:

1. డెస్క్‌టాప్ మీద చిట్టా గుర్తు రెండుసార్లు నొక్కండి. నల్ల కిటికీ తెరుచుకుంటుంది.
2. ‘ఫ్రమ్’ అని అడిగినప్పుడు 2025-07-01 కొట్టి ఎంటర్ నొక్కండి.
3. ‘టు’ అని అడిగినప్పుడు 2025-07-31 కొట్టి ఎంటర్ నొక్కండి.
4. ‘బ్రాంచ్’ దగ్గర మీ బ్రాంచి కోడ్ కొట్టండి.
5. కాసేపు ఏమీ కదలదు. ఆగిపోయినట్టు కాదు, సర్వర్ నుంచి తెస్తోంది. కిటికీ మూయకండి.
6. చివర్లో ‘డన్’ అనే మాట, దాని పక్కన రికార్డుల సంఖ్య కనిపిస్తాయి. ఆ సంఖ్య రిజిస్టర్‌లో రాసుకోండి.

5వ మెట్టు లాంటివి రాయడం టూల్ తయారుచేసినవాళ్లకి తట్టదు. నడుపుతున్న మనిషి పక్కన కూర్చుంటే తెలుస్తుంది. 6వ మెట్టు తనిఖీ కోసం. సర్వర్ ఒకసారికి వంద రికార్డులు మాత్రమే ఇచ్చే రకమైతే టూల్ పేజీ తర్వాత పేజీ అడిగి తెచ్చుకోవాలి. ప్రతి నెలా సరిగ్గా 100 అని వస్తుంటే మొదటి పేజీతోనే ఆగిపోతోందని అనుమానించాలి. ఆ మాట కూడా మెట్టు కింద చిన్నగా రాయండి.

ఏ స్థితిలో ఉన్న సెలవులు వస్తాయో చెప్పడం తప్పనిసరి. దరఖాస్తు పెట్టి ఇంకా మంజూరు కానివి, తిరస్కరించినవి, ఉద్యోగి వెనక్కి తీసుకున్నవి సర్వర్‌లో అన్నీ ఉంటాయి. నా అభిప్రాయంలో మామూలుగా మంజూరైనవి మాత్రమే రావాలి, మిగతావి కావాలంటే విడిగా అడగాలి. మీ టూల్ ఎలా చేసినా మొదటి పేజీలో చెప్పండి. నెలాఖరున మంజూరు కాకుండా మిగిలిపోయిన సెలవు గైర్హాజరుగా మారిపోతే ఆ మనిషికి జీతం పోతుంది. కాబట్టి పెండింగ్ జాబితా ఒకసారి విడిగా తీసి సెక్షన్ హెడ్‌కి చూపించడం కూడా నెలవారీ మెట్లలో ఒకటిగా పెట్టడం మంచిది.

పేరుతో వెతకనివ్వకండి

ఉద్యోగిని ఎంప్లాయీ కోడ్‌తోనే వెతకమని గట్టిగా రాయండి. మన ప్రాంతంలో దీనికి ప్రత్యేక కారణం ఉంది. తెలుగు మనిషి పేరు ఒడియాలో రాసి, దాన్ని చూసి ఇంకొకరు ఇంగ్లిష్‌లోకి ఎక్కిస్తే వెంకట రావు కాస్తా బెంకట్ రావు అవుతాడు. ఇంటిపేరు ఒక రికార్డులో ముందు, ఇంకో రికార్డులో వెనక, మూడో దాంట్లో ఒక్క పొడి అక్షరం. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. పేరుతో వెతికితే సగం రికార్డులు రాకపోవచ్చు, లేదా పక్కవాడివి కలిసి రావచ్చు. కోడ్ తెలియకపోతే ఎక్కడ చూడాలో (గేట్ పాస్ మీద, జీతం స్లిప్పు మీద) రాస్తే సరిపోతుంది.

ఆ కోడ్‌కి ఎక్సెల్‌లో ఇంకో గండం ఉంది. 00417 అనే కోడ్ ఉన్న సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికను) నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోయి 417 మిగులుతుంది. దాన్ని జీతాల షీటుతో కలిపితే మనిషి దొరకడు. ఒడియా, తెలుగు అక్షరాలు కూడా యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలనూ దాచే పద్ధతి) గుర్తు లేని ఫైల్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. నేరుగా తెరవకుండా ‘డేటా’ మెనూలోంచి టెక్స్ట్ ఫైల్‌గా దిగుమతి చేసుకుని, కోడ్ కాలమ్‌ను ‘టెక్స్ట్’గా పెట్టుకోమని బొమ్మతో సహా చూపించండి. అంతకంటే టూల్ చేతే ఎక్సెల్ ఫైల్ రాయిస్తే ఈ పేరా రాయాల్సిన పనే ఉండదు.

కాలమ్‌ల వివరణ ఒక పట్టికగా పెట్టండి: పేరు, దాని అర్థం, ఖాళీగా ఉంటే ఏమిటి అర్థం. మూడోది ఎవరూ రాయరు. మంజూరు చేసిన తేదీ ఖాళీగా ఉంటే ఇంకా మంజూరు కాలేదనా, పాత రికార్డు గనుక తేదీ ఎక్కించలేదనా? తెలిసినవాళ్లు మీరే, మీరే రాయాలి.

తప్పులొచ్చినప్పుడు

ఎర్రర్ మెసేజ్ స్క్రీన్ మీద ఎలా వస్తుందో అక్షరం పొల్లుపోకుండా దించి, దాని కింద ఏం చేయాలో రాయండి. 401 వస్తే లాగిన్ కాలం చెల్లింది, కొత్త టోకెన్ (సర్వర్‌లోకి వెళ్లనిచ్చే రహస్య కోడ్) కావాలి. 403 వస్తే లాగిన్ సరైనదే గానీ ఆ బ్రాంచి చూసే అనుమతి లేదు, మళ్లీ మళ్లీ ప్రయత్నించి లాభం లేదు. 429 వస్తే సర్వర్‌ని మరీ త్వరత్వరగా అడిగారు, కొన్ని నిమిషాలు ఆగి నడపండి. ఈ మూడూ గుమాస్తాకి చాలు.

వీటికంటే ప్రమాదకరమైనది ఏ ఎర్రరూ లేకుండా వచ్చే ఖాళీ ఫైల్. ఆ నెలలో ఎవరూ సెలవు పెట్టలేదనా, బ్రాంచి కోడ్ తప్పనా, సర్వర్ జవాబివ్వలేదనా? టూల్ ఈ మూడింటికీ మూడు వేర్వేరు మాటలు చెప్పాలి, పేజీలో మూడూ ఉండాలి. మధ్యలో నెట్ పోయినప్పుడు సగం ఫైల్ మిగులుతుందా అన్నదీ చెప్పండి. డేటా మొత్తం వచ్చాకే అసలు పేరుతో ఫైల్ కనిపించేలా టూల్ రాసుకుంటే, “ఫైల్ కనిపించిందంటే అది పూర్తి ఫైలే” అని పేజీలో నిశ్చింతగా రాసుకోవచ్చు.

ఇది ఇతరుల ఇళ్ల సంగతి

సెలవుల రికార్డు అంటే ఒక మనిషి జబ్బులు, కాన్పులు, ఇంట్లో చావులు. చిన్న ఊళ్లలో అందరూ అందరికీ తెలుసు. కారణం కాలమ్ మామూలుగా ఫైల్‌లోకి రాకూడదు. అది తీసేసినా సెలవు రకం కాలమ్ చాలా చెప్పేస్తుంది. గర్భస్రావం జరిగిన మహిళకి చట్టం ప్రకారం ఆరు వారాల సెలవు ఉంది. ఆ సెలవుకి విడిగా ఒక కోడ్ ఉంటే, ఆ ఫైల్ ప్రింటర్ దగ్గర పడి ఉన్నంతసేపూ ఆమె ఇంటి బాధ ఎవరైనా చదవవచ్చు. జీతం లెక్కకి జీతంతో సెలవా, జీతం లేని సెలవా అన్నది చాలు. కాబట్టి ఏ కాలమ్ ఎవరికి ఇవ్వాలి, ఫైల్ ఎక్కడ దాచాలి, జీతాలు పడ్డాక ఎప్పుడు చెరిపేయాలి అన్నవి పేజీలో ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదని కూడా స్పష్టంగా రాయండి, ఎందుకంటే పెడతారు. వ్యక్తిగత డేటా పరిరక్షణకి 2023లో చట్టమే వచ్చింది, దాని పేరు ప్రస్తావించండి.

మీ డాక్యుమెంట్‌లోని బొమ్మలు, ఉదాహరణల్లోనూ నిజమైన ఉద్యోగుల వివరాలు వాడకండి. 99001, 99002 లాంటి ఉత్తుత్తి కోడ్‌లతో ఒక పరీక్ష బ్రాంచి పెట్టుకుని దాని స్క్రీన్‌షాట్లే తీయండి. టోకెన్‌ని కమాండ్‌లో కొట్టే పద్ధతి నేర్పకండి. అది కంప్యూటర్ హిస్టరీలో మిగిలిపోతుంది, స్క్రీన్‌షాట్‌లో పడుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోనో, ఇతరులు తెరవలేని సెట్టింగ్స్ ఫైల్‌లోనో పెట్టే విధానం రాయండి.

ఇచ్చేముందు ఒకరి చేత చదివించండి

పేజీ తయారయ్యాక, టూల్ ఎప్పుడూ చూడని ఒకరిని కూర్చోబెట్టి, పోయిన నెల ఒక బ్రాంచి రికార్డులు తీయమనండి. మీరు పక్కనే ఉండండి, నోరు మాత్రం మెదపకండి. ఆ మనిషి ఆగిన ప్రతి చోటా మీ పేజీలో ఒక గుర్తు పెట్టండి. “ఇక్కడ ఏం కొట్టాలి సార్?” అని మీ వైపు తిరిగిన చోట ఒక వాక్యం తక్కువైందని అర్థం. తర్వాత కాగితం మీద చేత్తో లెక్కవేసిన ఇద్దరు ముగ్గురి సెలవులతో ఫైల్‌ను సరిపోల్చమనండి. వాళ్లలో ఒకరి సెలవు నెల దాటినదై ఉండాలి, ఒకరిది సగం రోజు, ఒకరిది పండగ మధ్యలో పడింది. ఈ మూడు వరసలూ చేతి లెక్కతో కలిస్తే పేజీ ఇవ్వవచ్చు.

పేజీ కింద టూల్ వెర్షన్, చివరిసారి సరిచూసిన తేదీ, ఏం మారిందో ఒక లైన్ ఉంచండి. డిసెంబర్‌లో కొత్త సెలవుల పట్టిక ఎక్కించే పని ఎవరిదో హోదాతో రాయండి. ఫైల్‌ను టూల్ ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచి, ఒక ప్రింట్ తీసి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి టైమ్ ఆఫీసు కిటికీ లోపలి వైపు తగిలించండి. కొత్త వెర్షన్ ఎక్కించిన రోజే ఆ పాత ప్రింట్ తీసేసి కొత్తది పెట్టాలి.